బొమ్మ ఇంజనుకు గొంతు కుదిరిన కథ

రైలుకట్ట పక్కన కాపురమున్న వాళ్ళకు గడియారంతో పనిలేదంటారు. కాజీపేట రైల్వే క్వార్టర్సులో ముప్ఫై యేళ్ళు కాపురం చేసిన మా అత్తగారు చెవితోనే ఇల్లు నడిపారంటే అతిశయోక్తి కాదు. మా మామగారు డీజిల్ ఇంజను డ్రైవరు. డ్యూటీ ముగించుకుని ఇంజనును షెడ్డుకు తెచ్చేటప్పుడు క్వార్టర్సు దగ్గర హార్ను పొట్టిగా రెండుసార్లు కొట్టేవారట. రూలు పుస్తకంలో లేని హార్ను అది. అది వినబడగానే ఆవిడ పొయ్యిమీద ఎసరు పెట్టేవారు. ఆయన కాళ్ళు కడుక్కుని పీటమీద కూర్చునేసరికి అన్నం పొగలు కక్కుతూండేది.

ఆవిడ పోయి మూడేళ్ళయింది. మామగారికి ఎనభై దాటాయి. నీటికాసులు ముదిరి చూపు దాదాపుగా పోయింది. ఒంటరిగా వుండలేరని కొడుకు తన దగ్గరికి, అమెరికాలో ఒహాయో రాష్ట్రానికి, తీసుకువెళ్ళాడు. పోయిన వేసవి సెలవుల్లో నేనూ మా ఆవిడా ఆయనను చూడటానికి వెళ్ళాం. అక్కడ మనుమలున్నారు, వేళకు మందులున్నాయి, దేనికీ లోటు లేదు. అయినా ఆయన నాతో చెప్పుకున్నది ఒకటే మాట: "ఈ ఊర్లె రాత్రయితే ఏం సప్పుడుండదు బిడ్డా. నిద్ర పడ్తలేదు."

ఆ చప్పుడు కోసం మా బావమరిది పడ్డ పాట్లే యీ వ్యాసం. పాట్లు అతనివి, పక్కన కూర్చుని చూసి నేర్చుకున్నది నేను. తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి ఇంజన్ల గొడవ ఎందుకని మీరడగవచ్చు. చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

బొమ్మ రైలంటే...

మా బావమరిదికి బొమ్మరైళ్ళంటే ప్రాణం. బొమ్మరైలనగానే తిరునాళ్ళలో అమ్మే కీ ఇచ్చే రేకుబండి అనుకునేరు! అమెరికా, జర్మనీ, ఇంగ్లండు దేశాల్లో ఇది పెద్దవాళ్ళ వ్యాసంగం. అమెరికాలో దీనికోసం 1935లోనే నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ అని ఒక సంఘం ఏర్పడింది. అక్కడ బాగా ప్రచారంలో వున్న కొలతను హెచ్.ఓ. అంటారు. అసలు బండిలో 87 అడుగులుండేది బొమ్మలో ఒక అడుగు. రెండు పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. ఆ కొలతకు మేడలూ, వంతెనలూ, సిగ్నళ్ళూ, చెట్లూ, ప్లాట్‌ఫారంమీద పెట్టెలు మోసే కూలీలూ అన్నీ తయారుచేస్తారు. మా బావమరిది ఇంటికింద భూగృహంలో గోడ చుట్టూ బల్లలు వేసి ఇలాంటి లోకాన్నొకదాన్ని కట్టుకున్నాడు.

తండ్రి దాన్ని చూడలేడు. వినగలడు. అందుచేత ఆయన జీవితమంతా నడిపిన ఇంజను గొంతునే ఆ బొమ్మకు పెట్టాలని అతని కోరిక.

మామగారు నడిపింది డబ్ల్యు.డి.ఎం.2. మన తరంలో రైలెక్కిన వాళ్ళందరూ ఎరిగిన ఇంజనే. దాని పుట్టిల్లు అమెరికా. న్యూయార్కు రాష్ట్రంలో షెనెక్టడీ అనే ఊళ్ళో వుండిన అమెరికన్ లోకోమోటివ్ కంపెనీ, క్లుప్తంగా ఆల్కో, దాన్ని రూపొందించింది. మొదటి ఇంజన్లు 1962లో ఓడలమీద మన దేశానికి వచ్చాయి. 1964 నుంచి వారణాసిలో మనవాళ్ళే తయారుచేశారు. పుట్టింటి కంపెనీ 1969లో ఇంజన్ల తయారీ మానుకున్నది. మెట్టినింట మాత్రం ఆ వంశం రెండువేలకు పైగా వృద్ధిపొందింది. లోపల వుండే డీజిల్ యంత్రం పేరు ఆల్కో 251. పదహారు సిలిండర్లు, 2,600 అశ్వశక్తి.

మన డబ్ల్యు.డి.ఎం.2 బొమ్మ ఆ దేశపు దుకాణాల్లో దొరకడం కష్టం. కాని అదే 251 యంత్రంతో ఆల్కోవారు తమ దేశంకోసం 1963 నుంచి 1968 దాకా సి-628 అనే ఇంజను కట్టారు. అదీ పదహారు సిలిండర్లదే. బలం 2,750 అశ్వశక్తి. మన ఇంజనుకు అన్నగారి వరస అనుకోండి. దాని బొమ్మ, సుమారు తొమ్మిదిన్నర అంగుళాల పొడవున్నది, ఒకరి దగ్గర పాతది చవకగా దొరికింది. అయితే అది మూగది. దానికి గొంతు పెట్టాలి. ఆ గొంతుపెట్టే పరికరమే సౌండ్ డికోడరు.

పట్టాలమీద ఛందస్సు

పూర్వం బొమ్మరైళ్ళు నడిపే పద్ధతి సులువు. పట్టాలలోకి కరెంటు పంపిస్తారు. వోల్టేజి పెంచితే బండి జోరు, తగ్గిస్తే నెమ్మది. చిక్కేమిటంటే, ఒకే పట్టాలమీద రెండు ఇంజన్లుంటే రెండూ ఒక్కసారే కదులుతాయి. ఒకదాన్ని నిలిపి రెండోదాన్ని నడపాలంటే పట్టాలను ముక్కలు ముక్కలుగా విడదీసి మీటలు పెట్టుకోవాలి.

1980 దశాబ్దంలో జర్మనీలో లెంజ్ అనే సంస్థ ఒక కొత్త పద్ధతి రూపొందించింది. దాన్ని ఆధారం చేసుకుని, ఇందాక చెప్పిన అమెరికా సంఘం 1990 దశాబ్దంలో అందరికీ ఉమ్మడిగా ఒక ప్రమాణం ఏర్పరచింది. దాన్ని డి.సి.సి. అంటారు. ఇందులో పట్టాలలో కరెంటు ఎప్పుడూ నిండుగానే వుంటుంది. అటూ ఇటూ మారే ఆ కరెంటులోనే ఆజ్ఞలు కూడా ప్రయాణం చేస్తూంటాయి. ప్రతి ఇంజను కడుపులోనూ డికోడరనే చిన్న పలక వుంటుంది. ప్రతిదానికీ ఒక నంబరు. "నంబరు 28, ముందుకు కదులు" అనే ఆజ్ఞ పట్టాలన్నిటా పోతుంది. 28 మాత్రమే కదులుతుంది. తక్కినవి తమను కానట్టు వూరుకుంటాయి. డికోడరు కొత్తగా కొన్నప్పుడు దాని నంబరు సాధారణంగా 3. తరువాత మనం నామకరణం చేసుకోవాలి.

ఆ ఆజ్ఞ పోయే తీరు వింటే నాకు మా తరగతిగది గుర్తుకువచ్చింది. కరెంటు ఒక దిక్కున 58 మైక్రోసెకన్లు, ఎదురు దిక్కున మరో 58 మైక్రోసెకన్లు నిలిస్తే అది "ఒకటి". ఒక్కొక్క దిక్కున 100 మైక్రోసెకన్లో అంతకు పైనో నిలిస్తే "సున్న". మైక్రోసెకను అంటే సెకనులో పదిలక్షలవ వంతు. పొట్టిది ఒకటి, పొడుగుది సున్న! మన లఘువూ గురువూ గాక ఇంకేమిటి? మనం లఘువుకు నిలువు గీత గీస్తాం, అచ్చం ఒకటి అంకెలాగే. పట్టాలమీద నిరంతరం ఒక పద్యం పారుతూంటుంది. డికోడరు దానికి గణవిభజన చేసి అర్థం చెప్పుకుంటుంది. ఈ మాట అంటే మా బావమరిది, "బావా, నీకు ఇప్పుడు సగం తెలిసింది. తక్కిన సగం డబ్బు పోగొట్టుకుంటే తెలుస్తుంది" అన్నాడు.

మామూలు డికోడరు మోటారునూ దీపాలనూ నడుపుతుంది. సౌండ్ డికోడరులో దానికి తోడు అసలు ఇంజన్ల దగ్గర రికార్డు చేసిన చప్పుళ్ళు నిక్షేపించి వుంటాయి. యంత్రం స్టార్టు కావడం, నిలకడమీద ఆడటం, ఒక్కొక్క నాచ్‌కూ గొంతు పెరగడం, గాలి పంపు, బ్రేకుల కీచు, హార్ను, గంట అన్నీ విడివిడిగా వుంటాయి. బండి నడకను బట్టి ఏది ఎప్పుడు వినిపించాలో డికోడరే చూసుకుంటుంది. మామూలుది ముప్ఫై నలభై డాలర్లకు వస్తే ఇది నూరు డాలర్లకు పైమాటే. కనుక ఎంపికలో తొందర పనికిరాదు. మావాడు తొందరపడ్డాడు.

పరాయి గొంతు

మొదటిసారి ఒక దుకాణంలో "డీజిల్ ఇంజనుకు కావాలి" అని అడిగాడు. వాళ్ళు డీజిల్‌దే ఇచ్చారు. తగ్గింపు ధర కూడాను. ఇంజనులో పెట్టకుండానే, ముందుగా బల్లమీద ఒక స్పీకరు కలిపి మోగించి తండ్రిని పిలిచాడు. మామగారు కుర్చీలో కూర్చుని తల పక్కకు వంచి విన్నారు. ఒక నిమిషమైనా కాకముందే, "గిది మన బండి గాదు బిడ్డా. ఇది ఊదుతున్నది. మనది దంచుతది" అన్నారు.

ఆయన మాట అక్షరాలా నిజం. ఆ డికోడరులో వున్నది జనరల్ మోటార్స్‌వారి ఎలక్ట్రో మోటివ్ డివిజన్, అంటే ఇ.ఎం.డి., యంత్రపు చప్పుడు. ఆ కంపెనీ పాత డీజిళ్ళు రెండు స్ట్రోకులవి. ప్రతి సిలిండరూ ఇరుసు తిరిగిన ప్రతిసారీ ఒకసారి పేలుతుంది. అందుచేత వాటి చప్పుడు ఎడంలేకుండా గుమ్మని ఒకే ధారగా వస్తుంది. తరువాతి కాలంలో మన దేశానికి వచ్చిన డబ్ల్యు.డి.జి.4 ఆ కుటుంబానిదే. ఆల్కో 251 నాలుగు స్ట్రోకులది. సిలిండరు రెండు చుట్లకు ఒకసారి పేలుతుంది. నిలకడలో నిమిషానికి సుమారు 400 చుట్లు తిరుగుతూ, కుంటుతూ దూకుతున్నట్టు ఒక లయతో ఆడుతుంది. రోకటిపోటు తెలిసినవాళ్ళకు అది వేరే చెప్పనక్కరలేదు.

కనుక మొదటి పాఠం ఇది: "డీజిల్ చప్పుడు" అనేది ఒకటి లేదు. మీ బొమ్మ ఏ ఇంజనుకు ప్రతిరూపమో, ఆ ఇంజను కడుపులో ఏ యంత్రం వుండేదో ముందు తెలుసుకోవాలి. ఆవిరి ఇంజన్లకూ యీ మాట వర్తిస్తుంది. రెండు సిలిండర్ల ఆవిరి ఇంజను పెద్దచక్రం ఒక్క చుట్టు తిరిగేసరికి నాలుగుసార్లు "ఛుక్" మంటుంది. మన డబ్ల్యు.పి. అలాంటిదే. మూడు సిలిండర్లదైతే సాధారణంగా ఆరుసార్లు. చక్రం ఒకలాగా, ఛుక్కులు ఒకలాగా పోతూంటే కళ్ళున్నవాడు కూడా కళ్ళు మూసుకోవలసి వస్తుంది.

పొగ

రెండోసారి ఆల్కో చప్పుడున్న డికోడరే తెచ్చాడు. ఆ రోజు సాయంత్రం తీగలు తనే అతికాడు. ఈ తీగల రంగులకు ఒక ఒప్పందముంది. ఎరుపూ నలుపూ పట్టాలనుంచి కరెంటు తెచ్చేవి. నారింజ, బూడిదరంగు మోటారుకు పోయేవి. తెలుపు ముందు దీపానికి, పసుపు వెనక దీపానికి. రంగులన్నీ సరిగానే కలిపాడు. పట్టాలమీద పెట్టి మీట తిప్పాడు. టప్పుమని చిన్న చప్పుడు, సన్నని పొగ, ఘాటైన వాసన.

"ఆల్కో కదా, స్టార్టింగుల పొగ కక్కుతది" అన్నారు మామగారు పక్కనుంచి. ఆయనకు జరిగింది తెలియదు. నిజానికి ఆల్కోలకు నల్లపొగ ప్రసిద్ధమే. నాచ్ పెంచగానే టర్బో అందుకునేలోపల పొగ గుప్పున లేస్తుంది. కాని యీ పొగ నూరు డాలర్లది.

తప్పు ఎక్కడున్నదంటే, అది పాతకాలపు బొమ్మ. అలాంటివాటిలో మోటారు ఒక కొస ఇంజను ఇనుప చట్రానికి తగులుతూ, చట్రం ద్వారా పట్టాకు కలిసి వుంటుంది. వెనకటి పద్ధతిలో దానివల్ల ఇబ్బంది లేదు. డి.సి.సి.లో అయితే మోటారుకు కరెంటు డికోడరునుంచి మాత్రమే రావాలి. పట్టానుంచి నేరుగా కూడా వచ్చిందా, డికోడరు మాడిపోతుంది. కనుక పాత ఇంజనులో పెట్టేముందు మోటారును చట్రంనుంచి పూర్తిగా వేరుచేసి, మధ్య సందు లేకుండా అడ్డుపెట్టి, మీటరుతో సరిచూసుకోవాలి. ఇంకొక జాగ్రత్త కూడా వుంది. ప్రోగ్రామింగు పట్టా అని ఒకటి విడిగా వుంటుంది. దానిలోకి కరెంటు కొద్దిగానే వస్తుంది. కొత్త డికోడరును మొదట దానిమీద పెట్టి పరీక్షిస్తే, తీగల్లో తప్పున్నా తరచు పరికరం బ్రతికిపోతుంది. అసలు పట్టామీద పెట్టడం ఆ తరువాత.

"ముందు షెడ్డులో ట్రయల్, తర్వాతే లైనుమీదికి" అన్న సంగతి డ్రైవరు కొడుక్కి తెలియకపోవడమేమిటని మా ఆవిడ తమ్ముణ్ణి దెప్పింది.

కొలతలు తీసుకుని కొనడం

రెండు దెబ్బలు తిన్నాక మావాడికి ఆ ఊళ్ళో బొమ్మరైళ్ళ సంఘం సభ్యుడైన ఒక పెద్దాయన పరిచయమయ్యాడు. ఆయన చెప్పిన పద్ధతి దర్జీ పద్ధతి: ముందు ఒంటి కొలత, తరువాత గుడ్డ.

మొదటి కొలత మోటారు ఆకలి. ఆంమీటరు కలిపి, 12 వోల్టులిచ్చి, తిరిగే మోటారును ఒక్క క్షణంపాటు కదలకుండా పట్టుకుంటే అది గరిష్ఠంగా ఎంత కరెంటు తాగుతుందో తెలుస్తుంది. డికోడరు భరించగలిగిన కరెంటు దానికంటె ఎక్కువ వుండాలి. హెచ్.ఓ. ఇంజన్లకు అమ్మే డికోడర్లు సాధారణంగా ఒకటి, ఒకటిన్నర ఆంపియర్లు మోస్తాయి. కొత్త మోటార్లు అంతకు లోపలే వుంటాయి. పాత మోటార్లు రెండు ఆంపియర్లు దాటినా ఆశ్చర్యం లేదు. అప్పుడు డికోడరును కాదు, మోటారును మార్చుకోవడం మేలు. మావాడు అదే చేశాడు.

రెండో కొలత చోటు. డికోడరు ఒక్కటే పడితే చాలదు. స్పీకరు కూడా పట్టాలి. చాలామంది డికోడరు కొన్నాక స్పీకరు సంగతి ఆలోచిస్తారు. పెళ్ళికొడుకును తెచ్చాక విడిదిల్లు వెతికినట్టు.

మూడోది సాకెట్టు. ఈ మధ్య తయారైన ఇంజన్లలో డికోడరు గుచ్చుకునేందుకు స్థానం ముందే ఏర్పాటు చేసివుంటారు. వాటిలో 8 సూదులది, 21 సూదులది, చిన్న ఇంజన్లకు 18 స్పర్శలున్న నెక్స్ట్18 అనేది, ఇలా రకాలున్నాయి. ఏ సాకెట్టుకు ఆ డికోడరే కొనాలి. పాత ఇంజనులో సాకెట్టే వుండదు గనుక తీగలున్నది కొని అతుక్కోవాలి.

ఇక గొంతు విషయంలో తయారీదార్లది రెండు దారులు. అమెరికాలోని సౌండ్‌ట్రాక్స్ వారిది ఒక దారి. వారి సునామీ2 డికోడర్లలో ఒక్కొక్క కుటుంబానికి ఒక్కొక్క రకం. ఆ కుటుంబంలోని యంత్రాలూ, రకరకాల హార్నులూ, గంటలూ ముందే నింపి వుంటాయి. మీట నొక్కి అంకెలు మార్చి మనకు కావలసింది ఎంచుకోవడమే. వేరే సాధనం అవసరం లేదు. జర్మనీలోని ఇ.ఎస్.యు. వారి లోక్‌సౌండ్ రెండోదారి. దానిలో ఏ ఇంజను చప్పుడునైనా నింపవచ్చు, నచ్చకపోతే చెరిపి మరొకటి నింపవచ్చు. చప్పుళ్ళ భాండాగారం పెద్దది. కాని నింపడానికి వేరే ఒక యంత్రం కావాలి, లేదా అమ్మేవాడే నింపి ఇవ్వాలి. వియన్నాలోని జిమో వారిదీ ఇంచుమించు యీ పద్ధతే. ఒకటి రెండు ఇంజన్లు వున్నవాడికి మొదటిదారి సుఖం. పది ఇంజన్లు వుండి, ప్రతిదానికీ ఖచ్చితమైన గొంతు కావాలని పట్టుబట్టేవాడికి రెండోది. ఇది మేలు, అది కీడు అనడానికి లేదు.

చెవి పరీక్ష

ఆ పెద్దాయన మరొక మంచిమాట చెప్పాడు. తయారీదార్లు చప్పుళ్ళ మచ్చులు ఇంటర్నెట్టులో పెడతారు, కొనకముందే వినవచ్చు. "మీ తండ్రిగారికంటె మంచి న్యాయమూర్తి నాకు యీ ఊళ్ళో కనబడడు. ఆయనకే వినిపించు" అన్నాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం మామగారిని కూర్చోబెట్టి, ఆల్కో 251 మచ్చులు నాలుగైదు వరసగా వినిపించాం. ఆయన కుడిచెయ్యి కుర్చీ చేతిమీద వుంది. యంత్రం గొంతు ఒక మెట్టు పెరిగినప్పుడల్లా ఆ చెయ్యి కొద్దిగా కదులుతున్నది. నాకు మొదట అర్థం కాలేదు. తరువాత తెలిసింది, ఆయన నాచ్‌లు వేస్తున్నారు. ఆ ఇంజనుకు ఎనిమిది నాచ్‌లు. మొదటి మచ్చు వింటూ, "ఒకటో నాచ్‌లనే ఇంత అరిస్తే ఎనిమిదిల ఏం జేస్తది?" అన్నారు. రెండోది, "ఇది మంచిగున్నది గని దూరంకెల్లి విన్నట్టున్నది. నేను లోపల కూసున్నోణ్ణి." మూడోదానికి ఏమీ అనలేదు. అయిపోగానే, "మల్లొకసారి పెట్టు" అన్నారు.

హార్ను దగ్గర పేచీ వచ్చింది. అమెరికా ఇంజన్లకు మూడు, అయిదు స్వరాలు ఒక్కసారే పలికే హార్నులుంటాయి. దారి అడ్డొచ్చే చోట రెండు పొడుగు, ఒక పొట్టి, మళ్ళీ ఒక పొడుగు కొట్టాలని అక్కడి నియమం. మామగారికి ఆ హార్ను రుచించలేదు. "ఇది హార్మోనియం. హార్ను ఏదీ?" అన్నారు. జాబితాలో వెతగ్గా వెతగ్గా ఒంటిస్వరపు పాతహార్ను ఒకటి దొరికింది. అచ్చంగా మనది కాదు గాని దగ్గరి చుట్టం. గంటను పూర్తిగా నోరు మూయించాం.

మూడో మచ్చు వున్న డికోడరే కొన్నాడు. మొదట చూడవలసింది ధరా కాదు, హంగులూ కాదు, గొంతు అని అప్పటికి బోధపడింది.

కుండలేని వీణ

ఎంత మంచి డికోడరైనా స్పీకరు సరిగా లేకపోతే ఏడ్చినట్టే వుంటుంది. స్పీకరు పొర ముందుకు కదిలినప్పుడు ముందువైపు గాలి నొక్కుకుంటుంది, వెనకవైపు గాలి పలచబడుతుంది. ఈ రెండు తరంగాలూ ఒకదానికొకటి ఎదురు. వెనకది ముందుకు వచ్చి కలిసిందా, రెండూ చెల్లు. ముఖ్యంగా మంద్రస్థాయి మాయమై, కీచుమనే చప్పుడు మిగులుతుంది. అందుకని స్పీకరు వెనక గాలి చొరని చిన్న పెట్టె అమర్చాలి. వీణకు కుండ, తంబురాకు బుర్ర ఎంత అవసరమో దీనికి పెట్టె అంత అవసరం. నమ్మకపోతే ఒక చిన్న స్పీకరును చేతిలో పట్టుకుని మోగించి, తరువాత దాన్ని అగ్గిపెట్టెకు బిగించి మోగించి చూడండి.

చోటు తక్కువైతే చేతి ఫోన్లలో వాడే చక్కెరబిళ్ళంత స్పీకర్లు వున్నాయి. వెడల్పు 11, పొడవు 15 మిల్లీమీటర్లు. మావాడు అలాంటివి రెండు పెట్టెలతో సహా అమర్చాడు. స్పీకరు ఎన్ని ఓములదో డికోడరు కాగితంలో చెప్పిన ప్రకారమే వుండాలి. 8 ఓములవి రెండు పక్కపక్కన కలిపితే 4 ఓములవుతాయి. అది డికోడరుకు సమ్మతమేనా అని ముందే చూసుకోవాలి.

అన్నీ అమర్చాక శబ్దం తగ్గించాలి. అవును, తగ్గించాలి. దుకాణంనుంచి వచ్చినప్పుడు గొంతు పూర్తిగా తెరిచి వుంటుంది. 87వ వంతు ఇంజనుకు 87వ వంతు అరుపు చాలు. సగానికి తగ్గిస్తే చప్పుడులో వణుకు పోయి నిండుదనం వస్తుంది.

ఆఖరుది బరువు. బొమ్మ లాగే బరువు కొద్దిపాటిదే. అసలు బండి వేల టన్నులు లాగుతుంది. డికోడరులో సి.వి.లని కొన్ని గడులుంటాయి. ఒక్కొక్క గడిలో ఒక్కొక్క అంకె. మూడో గడిలో అంకె పెంచితే బండి నెమ్మదిగా వేగం పుంజుకుంటుంది. నాలుగో గడి పెంచితే నెమ్మదిగా ఆగుతుంది. మామగారు వినగానే, "మొదలు ఇంజను గుంజాలె, తర్వాత బండి కదలాలె. నీ బండి ముందే ఉరుకుతున్నది" అన్నారు. మూడో గడిని మూడు రాత్రులు దిద్దాడు మావాడు. పట్టాలమీద దుమ్ము వల్ల కరెంటు లిప్తపాటు ఆగినా గొంతు తెగిపోకుండా ఒక చిన్న కెపాసిటరు కూడా తగిలించాడు.

నిలకడమీద

మేము తిరుగు ప్రయాణమయ్యే ముందురోజు రాత్రి అన్నీ కుదిరాయి. మామగారు కింద భూగృహంలో కుర్చీలో కూర్చున్నారు. వెనక ఇరవై బొగ్గు పెట్టెలు కట్టాడు మావాడు. ఇంజను స్టార్టయింది. మొదట కుంటి లయ, తరువాత గాలిపంపు, బ్రేకు వదిలిన బుస్సు. గొంతు బరువెక్కింది. అప్పుడు కదిలింది బండి. గదిచుట్టూ మూడుసార్లు తిరిగింది. ఆయన చెయ్యి కుర్చీమీద ఆరో నాచ్ దాకా వెళ్ళి, మలుపు దగ్గర మళ్ళీ మూడుకు దిగింది. కొడుకు చేతిలోని మీటకంటె ఆ చెయ్యే ముందుగా కదిలిందని నాకనిపించింది.

బండి స్టేషన్లో ఆగింది. మావాడు ఇంజను ఆపబోయాడు. "ఆపకు. ఐడిల్‌ల ఉండని" అన్నారు. కాసేపు అందరం ఆ రోకటిపోటు వింటూ కూర్చున్నాం. తరువాత ఆయన చెయ్యి చాపి, "హార్ను ఎక్కడున్నదిరా?" అని అడిగారు. కొడుకు ఆయన వేలు పట్టుకుని మీటమీద పెట్టాడు. పొట్టిగా రెండుసార్లు కొట్టారు.

పైన వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ఒక నిమిషం తరువాత మా ఆవిడ మెట్లమీదికి వచ్చి నిలబడింది. కళ్ళు తుడుచుకున్నదో, చేతులు తుడుచుకున్నదో చీకట్లో నాకు సరిగా కనబడలేదు.

"బాపూ, అన్నం వడ్డించాను. రా" అన్నది.